ఆరున్నొకటి

బోర్డు మీద ఒకలా రాసుంటుంది,
పలికితే లెమ్‌స్టర్.
ఆ ఊరి చివర, గొర్రెల గేటు దాటాక
అల్డర్ బ్రూక్.
వాగనాలో ఏరనాలో ఇంకా తేల్చుకోలేదు నేను.
లోతు మోకాలు దాటదు,
చప్పుడు మాత్రం నడుము దాకా.

నెలకో ఆదివారం
గ్విలిమ్ ప్రాసర్ రబ్బరు బూట్లేసుకుని దిగుతాడు.
డెబ్బయ్యెనిమిదేళ్లు. ఎడమ కంట్లో శుక్లం.
వల అడ్డం పెట్టి
మడమతో రాళ్లని కదుపుతాడు, సరిగ్గా మూడు నిమిషాలు,
ముప్పయ్యేళ్లు బస్సు తోలిన కాలు
ఇంకా క్లచ్చు తొక్కుతున్నట్టు.
గట్టు మీద గడియారం నాది.
కళ్లూ నావే.

తెల్లటి ట్రేలో వల బోర్లిస్తే
మొదట బురద, ఆకుముక్కలు.
ఓపిక పడితే
మూడు తోకల పిల్ల పురుగులు.
మే నెల వస్తే ఈగలవుతాయి,
ఒక్కపూట రెక్కలు.
వాటిని తిని గ్రేలింగ్ చేప బతుకుతుంది,
గ్రేలింగ్ కోసం ప్రాసర్.

బొమ్మలేసే కుంచెతో ఒక్కోదాన్నీ ఎత్తి
ఐసుముక్కల ట్రేలో గడికొకటి దింపుతూ
పైకే లెక్కపెడతాను.
లాభం. రెండు. మూడు.

మొదటి మాటకి అర్థం అడిగాడోసారి.
కుంచంతో వడ్లు కొలిచేటప్పుడు
మా మేనత్త ఒకటి అనేది కాదు, లాభం అనేది.
ఏడు కూడా అనేది కాదు. ఆరున్నొకటి.
ఆ అంకెలో ఏడుపుందని.
ప్రాసర్ నవ్వలేదు.
మాగ్‌పై పిట్ట ఒంటరిగా కనిపిస్తే
వాళ్లమ్మ సలాం కొట్టేదట.

గాలం వెయ్యడం నేర్పాడు.
పట్టి వదిలెయ్యడానికా
ఇంత చలిలో నిలబడ్డం, అన్నాను.
చేపని చూస్తే చింతపండు నానబెట్టే చెయ్యి నాది.
ముందు ఆ చెయ్యి తడుపుకో, అన్నాడు.
పొడిచేత్తో పడితే దాని ఒంటి జిగురు ఊడిపోతుందట.
ముల్లు నొక్కేసిన గాలం సులువుగా జారింది.
ముక్కు దగ్గర పెట్టుకుని చూడమన్నాడు.
నీచు వాసన కాదు.
వాము!
వదిలేశాక కూడా వేళ్లని పట్టుకునుంది
సోమవారం పొద్దున్న దాకా.

సోమవారం నుంచి శుక్రవారం దాకా
కోళ్ల కంపెనీలో లెక్కలు రాస్తాను.
షెడ్డుకి నలభై వేలు.
లక్షల్లో వచ్చి టన్నుల్లో పోతాయి.
పెంట లారీలెక్కి పొలాలకి వెళ్తుంది.
తర్వాత వాన పడుతుంది.
వానకి నా పట్టికలో గడి లేదు.

ప్రాసర్‌కి తెలుసు. ఎప్పుడూ అడగలేదు.
తన శాండ్‌విచ్‌లో సగం ఇస్తాడు.
అందులో కోడిమాంసం ఎప్పుడూ లేదు.

ఏప్రిల్లో నూటపన్నెండు.
మేలో ఎనభై.
జూన్‌లో రాళ్లకి పాచి,
లాగితే తడిజుట్టులా చేతికొచ్చింది.
ముప్పైకి తగ్గితే ఫోన్ చెయ్యాలని
కార్డు మీద పెన్సిల్ రాత.
జూలైలో చేశాం.
పందొమ్మిది నిమిషాలు వయొలిన్,
తర్వాత మర్యాదగా ఓ అమ్మాయి,
ఆమె ఇచ్చిన తొమ్మిదంకెల నంబరు.
ప్రాసర్ అరచేతి మీద రాసుకున్నాడు.
తడిస్తే చెరిగిపోతుందని
ఆ పూట గాలం వెయ్యలేదు.

ఆగస్టు.
జలగలు, ఎర్రపురుగులు బోలెడు.
అవి లెక్కలోకి రావు.
లాభం, అన్నాను, గొంతు అలవాటు కొద్దీ.
రెండు. మూడు. నాలుగు.
అయిదు దగ్గర తుమ్మెద ఒకటి ట్రే అంచున వాలి లేచిపోయింది.
ఆరు.
ఆకు కింద ఆకు తిప్పాను చాలాసేపు.
మూల నుంచి ఒకటి, తోక తెగింది,
పాకుతూ వచ్చింది.
పెన్సిలు ఆపి ప్రాసర్ చూస్తున్నాడు
శుక్లం లేని కంటితో.
తర్వాతి మాట అతనికీ నోటికొచ్చు ఇప్పుడు.

ఏడు, అన్నాను.

రాసుకున్నాడు.
రాళ్ల నీడ చూసి ట్రే వంచాం.
బట్టలు పిండుకుంటూ, బూట్లు దులుపుకుంటూ
మాటల్లేకుండా గేటు దాకా.

రేపు సోమవారం.
వానకి ఒక గడి గీసి పెడతాను.
చెరిపేది ఎవరో చూస్తాను.